ఎడమకు ఒరిగిన టవేరా: తప్పు ఏ మూలలో ఉందో ఎలా పట్టుకున్నాం

బండి 2012 మోడల్ టవేరా. విజయవాడ నుంచి భద్రాచలం, అన్నవరం ట్రిప్పులు తిరిగే టాక్సీ. మీటరు 3 లక్షల 40 వేల కిలోమీటర్లు దాటింది. ఓనరే డ్రైవరు. 2019 జూలైలో ఆటోనగర్‌లో మా షెడ్డుకు తెచ్చినప్పుడు ఆయన చెప్పింది ఇది: "మేస్త్రీ గారూ, బండి ఎడమకు ఒరుగుతోందండీ. ఇప్పటికి రెండుచోట్ల చూపించాను. ఒకచోట ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చారు. ఇంకోచోట ముందు ఎడమ టార్షన్ బార్ బిగించి లేపారు. నాలుగు రోజులు బాగున్నట్టే ఉంది, మళ్లీ అంతే. పైగా ఇప్పుడు వానలో బ్రేకు వేస్తే భయమేస్తోంది."

ఆ చివరి మాట పట్టుకుని ఇంకాస్త అడిగాను. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే కుడి ముందు చక్రం జారి, బండి ఎడమకు లాగుతోందట. ఆ ముందు వారం తిరువూరు దాటాక రోడ్డు పక్కన బురదలో ఆపితే, తీసేటప్పుడు ఎడమ వెనక చక్రం ఊరికే గిర్రున తిరిగిందట. జనం ఎక్కితే వాలు ఇంకా పెరుగుతోందట. ఈ మూడు ముక్కలూ కాగితం మీద రాసిపెట్టుకున్నాను. బండి కిందికి దూరకముందే సగం జవాబు ఈ మూడింటిలోనే ఉందని ఆ రోజు నాకు తెలియలేదు. అన్నీ విప్పి చూశాక అర్థమైంది.

ఇలాంటి కేసులో మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. లాగడం వేరు, ఒరగడం వేరు. స్టీరింగు వదిలితే బండి పక్కకు పోవడం లాగడం. దానికి అలైన్‌మెంటు, టైర్లు, బ్రేకులు చూస్తాం. నిలబెట్టిన బండి ఒక పక్క కుంగి కనబడటం ఒరగడం. దానికి బరువు మోసే భాగాలు చూడాలి. టవేరాలో బరువు మోసేవి ముందు రెండు టార్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు), వెనక రెండు కమాను కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఒంపు ఇనుప పట్టీలు), వాటి కింద నాలుగు టైర్లు. షాక్ అబ్జార్బర్ ఈ లెక్కలోకి రాదు. అది బండి ఊపును ఆపుతుంది, బరువును నిలబెట్టదు. మామూలు షాక్ అబ్జార్బర్‌ను చేత్తో నొక్కితే లోపలికి పోతుంది. చేతికే లొంగేది టన్నున్నర దాటిన బండిని ఎలా ఎత్తి పడుతుంది? ఒరిగిన బండికి షాక్ అబ్జార్బర్లు మార్చడం నేను చాలాసార్లు చూశాను. ప్రతిసారీ కస్టమర్ డబ్బు పోతుంది, వాలు మాత్రం అలాగే ఉంటుంది.

బండి నిజంగా ఒరిగిందా?

ఇది అనవసరమైన ప్రశ్నలా అనిపిస్తుంది కానీ, కాదు. మన తారు రోడ్లు నీళ్లు పోవడానికి నడిమి నుంచి అంచుకు మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్లు వాలుగా ఉంటాయి. మనం ఎడమ పక్క ఆపుతాం. బండి చక్రాల మధ్య వెడల్పు దాదాపు 1.4 మీటర్లు. అంటే నిటారుగా ఉన్న బండి కూడా రోడ్డు పక్కన ఎడమకు 28 నుంచి 35 మిల్లీమీటర్లు కిందికి కనబడుతుంది. ఇంటి ముందు ఆపి చూసి, బండి ఒరిగిందని కంగారుపడి వచ్చినవాళ్లను ఖర్చు లేకుండా పంపిన రోజులున్నాయి.

మా షెడ్డులో నాలుగు చక్రాలు నిలిచే చోట్లకు రంగు పూసి పెట్టాం. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతోనే ఆ నాలుగు చోట్లూ మట్టం చూశాం. 2 మిల్లీమీటర్లకు మించి తేడా లేదు. అలాంటి నేల లేనివాళ్లు ఒక పని చేయొచ్చు. బండిని ఒకచోట నిలిపి కొలిచి, మళ్లీ అదే చోట ముందు వెనకలు మార్చి నిలిపి కొలవాలి. వాలు రెండోసారి అటు పక్కకు మారితే తప్పు నేలది.

కొలిచే ముందు బండి ఖాళీ చేయించాను. వెనక ఎడమ మూలలో టూల్ పెట్టె, 20 లీటర్ల నీళ్ల క్యాను, వానకు తడిసి బరువెక్కిన టార్పాలిన్ ఉన్నాయి. ఓనర్‌కు అవి ఉన్నట్టే గుర్తు లేదు. రోజూ ఒకే మూలలో ఉండే బరువును మనిషి మర్చిపోతాడు, కమాను మాత్రం మోస్తూనే ఉంటుంది. తర్వాత టైర్లలో గాలి సమం చేశాం. వెనక టైర్లలో ఎడమది అరిగి 3 మిల్లీమీటర్ల గాడి మిగిలింది, కుడిది దాదాపు కొత్తది, 7 ఉంది. అంటే నేల నుంచి కొలిస్తే ఎడమ పక్క ఊరికే 4 మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తుంది. అందుకే నేల నుంచి కాకుండా, చక్రం బొడ్డు నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు కొలిచాం. అప్పుడు టైరు సంగతి లెక్కలోంచి పోతుంది.

ఖాళీ బండిలో ముందు ఎడమ పక్క కుడి కన్నా 11 మిల్లీమీటర్లు తక్కువ, వెనక ఎడమ 13 తక్కువ. తర్వాత వెనక యాక్సిల్ (ఇరుసు) మీదికి వచ్చేలా సరిగ్గా నడిమిలో ఒక్కోటి 50 కిలోల ఇసుక బస్తాలు ఆరు వేశాం. ముందు 17, వెనక 20 అయింది. బస్తాలు నడిమిలో ఉన్నాయి, ఏ పక్కకూ ఎక్కువ బరువు లేదు. అయినా ఎడమే ఎక్కువ కుంగింది. జనం ఎక్కితే వాలు పెరుగుతోందన్న ఓనర్ మాట అబద్ధం కాదు.

మడ్‌గార్డ్ అంచును కూడా గుడ్డిగా నమ్మకూడదు. యాక్సిడెంట్ అయి డెంటింగ్ చేసిన బండిలో ఆ అంచే పైకో కిందికో ఉండొచ్చు. ఇది ఛాసిస్ మీద బాడీ కూర్చునే బండి. మధ్యలో రబ్బరు మౌంటింగులు ఉంటాయి. ఒక పక్క రబ్బర్లు అణిగిపోతే ఛాసిస్ నిటారుగా ఉండి బాడీ మాత్రమే ఒరుగుతుంది. అప్పుడు కమాన్లు ఎన్ని మార్చినా లాభం లేదు. అందుకని ఛాసిస్ పట్టెల నుంచి నేలకు కూడా కొలిచి, టైరు తేడా తీసేసి చూశాం. ఛాసిస్ కూడా బాడీతో పాటే, దాదాపు అంతే ఒరిగి ఉంది. బాడీ రబ్బర్ల మీద అనుమానం పోయింది.

ముందు స్టెబిలైజర్ బార్ (రెండు పక్కల చక్రాలను కలిపి, బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు ఒక పక్క ఊడదీసి మళ్లీ కొలిచాం. లింకు వంగిపోయి బార్ ఒక పక్కను లాగి పట్టుకుంటే, ఊడదీయగానే వాలు తగ్గాలి. ఇక్కడ 2 మిల్లీమీటర్లు పెరిగింది. అంటే బార్ తప్పు చేయడం లేదు, తన శక్తి కొద్దీ వాలును ఆపుతోంది. ఆ లింకు పరీక్షలు అయ్యేవరకు అలాగే ఊడదీసి ఉంచాం.

ఏ మూల?

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ముందు 11, వెనక 13 అని కొలత వస్తే, రెండు చివర్లా ఎడమ భాగాలు పోయాయని అనుకోవడం సహజం. ముందు నుంచి చూసినవాడు తప్పు ముందుందంటాడు, వెనక నుంచి చూసినవాడు వెనకుందంటాడు. నిజానికి ఛాసిస్ గట్టిది, అంత సులువుగా మెలిపడదు. ఒక్క మూల కుంగినా మొత్తం పక్కకు వాలుతుంది, ముందూ వెనకా దాదాపు ఒకే తేడా చూపిస్తుంది. కాబట్టి ఎంత ఒరిగిందో టేపు చెబుతుంది, ఎవరు ఒరిగించారో చెప్పదు.

దీన్ని మా కుర్రాళ్లకు చెప్పడానికి నేను మంచాన్ని చూపిస్తాను. నాలుగు కోళ్ల మంచంలో ఒక కోడు పొట్టిదైతే మంచం ఆ మూలకు ఒరుగుతుంది. కానీ బరువు సంగతి వేరే రకంగా ఉంటుంది. పొట్టి కోడు మీద బరువు తగ్గుతుంది. దానికి ఐమూలగా ఉన్న కోడు మీదా తగ్గుతుంది. మిగిలిన రెండు కోళ్లూ ఆ బరువును మోస్తాయి. ఇప్పుడు ఎడమ వెనక కోడు పొట్టిదనుకోండి. ఎవరైనా వచ్చి, మంచం ఎడమకు ఒరిగింది కదా అని ఎడమ ముందు కోడు కింద చెక్క పెడితే ఏమవుతుంది? చూపుకు వాలు కాస్త తగ్గుతుంది. కానీ ఎడమ ముందు, కుడి వెనక కోళ్ల మీద బరువు ఇంకా పెరుగుతుంది. కుడి ముందు, ఎడమ వెనక కోళ్లు ఇంకా తేలిక పడతాయి.

ఓనర్ చెప్పిన లక్షణాలు మళ్లీ చూడండి. బ్రేకు వేస్తే జారేది కుడి ముందు చక్రం. బురదలో ఊరికే తిరిగింది ఎడమ వెనక చక్రం. రెండూ ఐమూల చక్రాలే. బరువు తక్కువున్న చక్రానికే నేల మీద పట్టు తక్కువ. ఇంజిన్ తిప్పుడును వెనక రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ కూడా తేలికగా తిరిగే చక్రానికే తిప్పుడంతా వదిలేస్తుంది. ఆ ముక్కలు ముందే రాసుకున్నా, వాటిని ఇలా జతచేసి చూడాలని నాకు అప్పటికి తోచలేదు. ఇప్పుడైతే కస్టమర్ ఏ చక్రం జారుతోందని చెప్పినా, ముందు దాని ఐమూల చక్రం గురించి అడుగుతున్నాను.

నాలుగు కోళ్ల మంచంలో ఏ కోడుది తప్పో తెలియదు. మూడు కాళ్ల పీట అయితే ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలకుండా నిలబడుతుంది, దాని వాలు దాచలేం. కాబట్టి బండిని మూడు కాళ్ల మీద నిలబెట్టాలి. వెనక రెండు కాళ్లను తీసేసి, నడిమిలో ఒక్క కాలు ఇవ్వాలి. అప్పుడు వెనక కమాన్లకు బండిని పక్కకు వంచే శక్తి ఉండదు. బండి ఎటు ఒరిగినా అది ముందు టార్షన్ బార్ల పనే.

ట్రాలీ జాకీని వెనక యాక్సిల్ నడిమిన డిఫరెన్షియల్ హౌసింగ్ కింద పెట్టాం. జాకీ తల వెడల్పుగా ఉంటే అది కూడా బండిని కొంత నిలబెట్టేస్తుంది, పరీక్ష చెడుతుంది. అందుకని దాని మీద ఒక గుండ్రటి ఇనుప కడ్డీని బండి పొడవుకు ఆనించి పెట్టి, యాక్సిల్ దాని మీద కూర్చునేలా చేశాం. యాక్సిల్ రెండు పక్కలకూ ఊగగలగాలి. ముందు చక్రాలకు రెండు పక్కలా అడ్డు కట్టెలు పెట్టాం, ఎందుకంటే హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, అవి గాల్లో ఉంటాయి. ఛాసిస్ కింద రెండు పక్కలా స్టాండ్లు, మూడు వేళ్ల సందు వదిలి. ఇలా ఊగే బండి కింద ఎవ్వరూ దూరకూడదు. వెనక చక్రాలు నేల నుంచి అంగుళం లేచేదాకా ఎత్తి, బండి తోక పట్టుకుని మెల్లగా ఊపి వదిలాం. తన ఇష్టం వచ్చినట్టు తను నిలబడింది.

మా కుర్రాడు ముందుకెళ్లి టేపు పెట్టి, "అన్నా, ఇది కుడికి ఒరిగింది!" అన్నాడు.

నేను వెళ్లి మళ్లీ కొలిచాను. నిజమే. ముందు ఎడమ పక్క 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. ఎడమకు ఒరిగిన బండి, వెనక పట్టు వదిలేయగానే కుడికి ఒరిగింది. వెనక కొలిస్తే, యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఎడమ పక్క సందు కుడి కన్నా 36 మిల్లీమీటర్లు తక్కువ. ఇన్నాళ్లూ ముందు చివర బండిని కుడికి తోస్తోంది, వెనక చివర ఎడమకు తోస్తోంది. ఆ పెనుగులాటలో మిగిలిన 11, 13 మిల్లీమీటర్లే మనకు కనబడిన వాలు. కనబడింది చిన్నది, కింద ఉన్నవి రెండు పెద్ద తప్పులు.

ముందున్న తప్పు రెండోచోట చేసిన పనిది. టార్షన్ బార్ బోల్టు చూస్తే ఎడమది కుడి కన్నా 15 మిల్లీమీటర్లు ఎక్కువ లోపలికి బిగించి ఉంది. కుడి బోల్టు మీద పాత తుప్పు, పాత మట్టి చెదరకుండా ఉన్నాయి, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ పని చేసిన మనిషిని నేను తప్పుపట్టను. కస్టమర్ ఎదురుగా నిలబడి చూస్తుంటాడు, ఒక బోల్టు తిప్పితే బండి లేస్తుంది, అందరికీ అప్పటికి తృప్తిగా ఉంటుంది. కానీ టార్షన్ బార్ బోల్టు ఉన్నది వయసుతో కాస్త కుంగిన బార్‌ను తిరిగి కొలతకు తేవడానికి. వేరే చోటి తప్పును కప్పడానికి వాడితే ఆ బరువంతా ఐమూలకు పోతుంది, దాని ఫలితం బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది.

కమాను విప్పితే

ఎడమ వెనక కమాను కట్ట పైకి బాగానే ఉంది. పట్టీలన్నీ ఉన్నాయి, చివర్లు విరగలేదు, బుష్‌లు కొత్తవి. సుమారు ఏడాది క్రితం షాకిల్ బుష్‌లు (కమాను చివరను ఛాసిస్‌కు తగిలించే చోటి రబ్బర్లు) మార్చడానికి ఆ కట్ట దించారని ఓనర్ చెప్పాడు. వాలు మొదలైంది ఆ తర్వాతే అని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ పని ఏ కస్టమరూ తనంతట చెప్పడు, మనమే అడగాలి. "ఈ బండి కింద ఆఖరిసారి ఎప్పుడు, ఏం విప్పారు?" అనే ప్రశ్న నేను మొదట్లోనే అడిగి ఉంటే ఒక గంట కలిసొచ్చేది.

కమాను కట్టను యాక్సిల్‌కు కట్టి పట్టే యూ బోల్టులు విప్పుతుంటే మొదటి ఆధారం దొరికింది. నట్లు చేతికి బరువు లేకుండా వదిలాయి. స్ప్రింగ్ సీటు మీద కమాను కదిలి రాసుకున్న మెరుపు గీతలు, వాటి పక్కన ఎర్రటి సన్న పొడి. బిగువుగా ఉన్న జాయింటులో ఆ పొడి రాదు.

కట్ట దించి, తీగ బ్రష్‌తో మట్టి పోగొట్టి, చివరి నుంచి చివరికి దారం లాగి నడిమి ఒంపు ఎత్తు కొలిచాం. కుడి కట్టకూ దీనికీ తేడా 6 మిల్లీమీటర్లే. బండి కింద 36 చూపించింది, బల్ల మీద 6 చూపిస్తోంది. ఆ 36 చక్రాల దగ్గరి కొలత. కమాన్లు చక్రాల కన్నా లోపలికి ఉంటాయి కాబట్టి కమాను దగ్గర అది 28 దాకా ఉంటుంది. అయినా 6 ఎక్కడ, 28 ఎక్కడ? ఒట్టి చేతిలో ఒంపు ఉంది, బరువు పడితే లేదు. అంటే ఈ కట్టకు కుంగుబాటు కన్నా పెద్ద జబ్బు ఉంది, దానిలో ఒక పట్టీ బరువు మోయడం లేదు. ఇసుక బస్తాలు వేసినప్పుడు వాలు పెరిగిందే, దానికి కారణం కూడా ఇదే. ఒట్టిగా కుంగిన కమాను అయితే బరువు వేసినా వేయకపోయినా వాలు ఇంచుమించు అంతే ఉండాలి. బరువుతో వాలు పెరిగిందంటే ఆ పక్క బలమే తగ్గిందని.

పట్టీలన్నిటినీ నడిమిన కలిపి పట్టే సెంటర్ బోల్టు విప్పాం. రెండో పట్టీ రెండు ముక్కలుగా చేతిలోకి వచ్చింది. విరిగింది సరిగ్గా సెంటర్ బోల్టు బెజ్జం దగ్గర. విరిగిన ముఖంలో సగం పైగా నల్లబడి తుప్పు పట్టింది, మిగిలింది కాస్త తెల్లగా ఉంది. అంటే ఒక్క గుంతలో పటుక్కున విరగలేదు. నెలల తరబడి సన్నగా చీలుతూ వచ్చి, చివరికి తెగింది. పైన మెయిన్ పట్టీ, కింద మిగతావి, చుట్టూ యూ బోల్టుల పట్టు. ఆ ముక్కలు కదలకుండా లోపలే ఉండిపోయాయి. బయటి నుంచి ఎవరు ఎంత చూసినా కనబడే చోటు కాదు.

కమాను నడిమిన బెజ్జం ఉంటుంది, అక్కడ ఇనుము తక్కువ. మామూలుగా ఆ చోటు వంగకూడదు. యూ బోల్టులు బిగువుగా పట్టుకున్నంతకాలం ఆ నడిమి భాగం సీటుతో కలిసి ఒకే దిమ్మలా ఉంటుంది, వంగేదంతా రెండు పక్కల చేతులే. యూ బోల్టు వదులైన రోజు నుంచి ప్రతి గుంతకూ ఆ బెజ్జం దగ్గర పట్టీ వంగుతుంది. బెజ్జం దగ్గర విరిగిన కమాను దొరికితే నేను మొదట అనుమానించేది వదులు యూ బోల్టునే. ఓవర్‌లోడు తర్వాత. ఏడాది క్రితం బుష్‌లు మార్చినప్పుడు యూ బోల్టులు బిగించే ఉంటారు. కానీ కొత్తగా కూర్చిన కట్ట కొన్ని వందల కిలోమీటర్లకు సర్దుకుంటుంది, పట్టీల మధ్య మట్టి, రంగు నలిగి సందు వస్తుంది. అప్పుడు మళ్లీ బిగించాలి. ఎవరూ పిలవలేదు, ఓనర్‌కు తెలియదు.

సెంటర్ బోల్టు తెగి ఉంటే ఇంకా ప్రమాదం. ఆ పక్క యాక్సిల్ ముందుకో వెనక్కో జరిగి బండి ఏటవాలుగా నడుస్తుంది. అందుకే రెండు పక్కలా ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం కొలిచి చూశాం. తేడా లేదు. ఇందులో మాత్రం ఆయన అదృష్టవంతుడు.

రిపేరు

విరిగిన పట్టీ ఒక్కటి మార్చి పంపేస్తే సరిపోదా అని ఓనర్ అడిగాడు. సరిపోదు. కొత్త పట్టీ పడ్డ ఎడమ కట్ట, 3 లక్షల కిలోమీటర్లు మోసిన కుడి కట్ట కన్నా ఎత్తు నిలబడుతుంది. ఈసారి బండి కుడికి ఒరుగుతుంది. రెండు కట్టలూ జతగా చూడాలి. కమాన్ల షాపులో రెండింటికీ సెట్టింగ్ చేయించి, ఒంపు తేడా 2 మిల్లీమీటర్ల లోపుకు తెచ్చాం. అక్కడ ఒక మాట గట్టిగా చెప్పి చేయించాను: పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంచొద్దు, చల్లగా ఉండగానే సుత్తితో ఒంపు ఇవ్వండి అని. కమాను పట్టీకి ఆ గట్టిదనం ఫ్యాక్టరీలో కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ కొలతగా వేడి చేస్తే వచ్చింది. కొలిమిలో కాల్చి గాలికి ఆరబెడితే అది పోతుంది. వంచడం సులువే, రెండు నెలల్లో పట్టీ మళ్లీ సాగిపోతుంది.

యూ బోల్టులు నాలుగూ కొత్తవే వేశాం. ఒకసారి సాగిన యూ బోల్టును మళ్లీ వాడటం నాకు ఇష్టం ఉండదు. సీటు శుభ్రం చేసి, నట్లు ఐమూలగా కొంచెం కొంచెంగా, టార్క్ పానాతో (బిగువు ఎంతో కొలిచే పానా) మాన్యువల్ చెప్పినంత బిగించాం. షాకిల్ పిన్నుల చివరి బిగింపు మాత్రం బండి నేల మీద దిగి బరువు పడ్డాకే చేశాం. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ భంగిమలో పట్టుకుని, బండి దిగినప్పుడు మెలిపడి ఉంటుంది. అది బండి ఎత్తును కూడా మార్చేస్తుంది, బుష్ కూడా తొందరగా చీలుతుంది.

ముందు పని ఇంకా ఓపికది. ఎడమ టార్షన్ బార్ బోల్టును వెనక్కి తిప్పి, ఎవరూ ముట్టని కుడి పక్కతో సమానం చేయాలి. ముందు చక్రాలు గాల్లో వేలాడేలా ఎత్తి, బోల్టు మరలకు గ్రీజు పెట్టి తిప్పాం. మొదటిసారి నేనే తొందరపడ్డాను. దించిన వెంటనే వెనక నడిమి జాకీ పెట్టి కొలిస్తే ఎడమ ఇంకా 9 ఎత్తు చూపించింది. ఇంకా తిప్పబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, బండిని దొర్లించలేదు. ముందు చక్రాలు గాల్లోంచి దిగినప్పుడు టైర్లు లోపలికి ముడుచుకుని నేలను పట్టుకుంటాయి, బండిని కొంత ఎత్తులోనే ఆపేస్తాయి. పది పదిహేను అడుగులు ముందుకూ వెనక్కూ దొర్లించి, బంపరు నొక్కి వదిలితేనే అసలు ఎత్తుకు వస్తుంది. దొర్లించి మళ్లీ కొలిస్తే ఎడమ 4 మాత్రమే ఎత్తు. ఆ 9ని నమ్మి తిప్పి ఉంటే తప్పు ఇటు పక్కకు తెచ్చేవాణ్ణి. తర్వాత ప్రతిసారీ ఎత్తడం, తిప్పడం, దించడం, దొర్లించడం, వెనక నడిమి జాకీ పెట్టడం, కొలవడం. మూడుసార్లకు ముందు చివర తన మీద తాను నిలబడినప్పుడు 1 మిల్లీమీటరు తేడాకు వచ్చింది.

స్టెబిలైజర్ లింకు మళ్లీ బిగించాం. నాలుగు చక్రాల మీద, ఖాళీ బండితో కొలత: ముందు ఎడమ 3 తక్కువ, వెనక 4 తక్కువ. నా లెక్కలో 6 లోపు ఉంటే ఇక బోల్టు ముట్టుకోను. అవే ఇసుక బస్తాలు మళ్లీ వేశాం. ముందు 4, వెనక 5. నాకు నమ్మకం కలిగింది ఖాళీ కొలతతో కాదు, ఈ కొలతతో. బరువు పడినా వాలు ఒక్క మిల్లీమీటరే పెరిగింది.

ఆఖరున అలైన్‌మెంటు. ఎత్తు మారితే ముందు చక్రాల కోణాలు మారతాయి, కాబట్టి అలైన్‌మెంటు ఎప్పుడూ చివర్లోనే. ఒరిగిన బండికి ముందే అలైన్‌మెంటు చేయిస్తే, ఎత్తు సరిచేశాక ఆ డబ్బు మళ్లీ పెట్టాల్సిందే.

కమాను షాపులో ఒకాయన, ఇంత తిప్పలెందుకు, ఎడమ పక్క ఒక హెల్పర్ పట్టీ ఎక్కించు, లేదా యాక్సిల్‌కూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టు, అరగంటలో అయిపోతుంది అన్నాడు. ఒక పక్క మాత్రమే దిమ్మ పెట్టడం, ఒక పక్క మాత్రమే పట్టీ ఎక్కించడం నేను చేయను. విరిగిన పట్టీ లోపల అలాగే ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు బండి నిటారుగా కనబడుతుంది, పది మంది ఎక్కాక ఇంకో రకంగా ఒరుగుతుంది. ఈ బండిలో ఎక్కేది భద్రాచలం దర్శనానికి పోయే కుటుంబాలు, ముసలివాళ్లు, పిల్లలు. పాల్వంచ దాటాక ఎదురుగా లారీ వస్తే బ్రేకు నాలుగు చక్రాలనూ పట్టాలి.

పట్టీ, సెంటర్ బోల్టు, యూ బోల్టులు, సెట్టింగ్, అలైన్‌మెంటు, మా కూలీ అన్నీ కలిపి 7 వేల చిల్లర అయింది. ముందు షాక్ అబ్జార్బర్లకు ఆయన పెట్టినదాని కన్నా తక్కువ.

500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి రమ్మని బిల్లు వెనక రాసి ఇచ్చాను. పన్నెండు రోజులకు వచ్చాడు, అన్నవరం ట్రిప్పు నుంచి నేరుగా, జనాన్ని బస్టాండులో దింపి. యూ బోల్టు నట్లకు టార్క్ పానా పెడితే ఎడమవి రెండు పావు చుట్టు తిరిగాయి, కుడివి ఒక్కటి. బిగించి, రంగు గీత పెట్టాం, మళ్లీ కదిలితే గీత చెబుతుంది. టేపు పెట్టి కొలిస్తే ముందు 3, వెనక 4. అంతకుముందు రోజు రాత్రి తుని దగ్గర వానలో గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చిందట. "చక్కగా ఆగిందండీ," అన్నాడు. ఇంకో ఆరు నెలలకు యూ బోల్టులు మళ్లీ చూపించమని చెప్పి పంపాను.